నురుగు కమిటీలో మూడో సంతకం

ఎర్రునాయుడు ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ వెనక సీటును అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు గానీ, ఒక్కనాడూ అందులో కూర్చున్న పాపాన పోలేదు. కూర్చున్నవాళ్ళ సంగతి మాత్రం అడిగితే గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. జిల్లా సమన్వయ పర్యవేక్షణ కార్యాలయానికి అతని హయాంలో పదకొండుమంది అధికారులొచ్చారు. సీటుకి వీపు ఆనీ ఆనకముందే గురకపెట్టినవాళ్ళు ఆరుగురు. ఫోనులో ఇంటావిడకి సంజాయిషీలు చెప్పుకున్నవాళ్ళు నలుగురు. ఒక్కాయన మటుకు దారిపొడుగునా వేరుశనక్కాయలు వొలుచుకు తిని, ఆ తొక్కలన్నీ సీటు కిందకి తోసేవాడు. మంచివాడే పాపం, త్వరగా బదిలీ అయిపోయాడు.

ఆ కార్యాలయం చేసే పనేమిటని అడక్కండి. జిల్లాలో మిగతా కార్యాలయాలన్నీ ఒకదాంతో ఒకటి సమన్వయంగా ఉన్నాయో లేవో అది చూస్తుంది. చూసి రాస్తుంది. రాసిందాన్ని ఎవరైనా చదువుతున్నారో లేదో చూసే కార్యాలయం ఇంకా పెట్టలేదు.

పని సంగతి ఎలా ఉన్నా అక్కడో మంచి ఆనవాయితీ ఉంది. ఎవరు రిటైరైనా సరే, ఆ సాయంత్రం మెళ్ళో దండేసి, ఆఫీసు కారులో అధికారి సీటులో కూర్చోబెట్టి ఇంటిదాకా దింపి వస్తారు. గుమాస్తా అయినా అంతే, అటెండరైనా అంతే. రిటైరయ్యేది డ్రైవరే అయితే, స్టీరింగు అధికారి పట్టుకోవాలి. ఎర్రునాయుడు ఉద్యోగంలో చేరిన వారంలోనే వెనకటి డ్రైవరు రిటైరయ్యాడు. అప్పటి అధికారి అతణ్ణి వెనక కూర్చోబెట్టుకుని తానే జీపు నడుపుకుంటూ వెళ్ళాడు. ఆ జీపు వెనకాల సైకిలు తొక్కుకుంటూ వెళ్ళిన ఎర్రునాయుడు, ముసలాయన కళ్ళు తుడుచుకోవడం చూశాడు. నాకూ ఒకనాడు ఇలా జరుగుతుంది కదా అనుకున్నాడు. ఆ ఒక్క కోరికా పెట్టుకుని ఇరవై తొమ్మిదేళ్ళు బండికి గీత పడకుండా నడిపాడు.

ఇప్పుడతని వంతొచ్చింది. జూన్ ముప్ఫయ్యో తారీకు. గెడ్డవీధిలో ఉన్న నలభై గడపలకీ అతని భార్య సన్యాసమ్మ ఆ కబురు ఎప్పుడో చేరవేసేసింది.

"నువ్వు ఎనకాల కూకుంటావు కదేటి?" అని అడిగేది రోజూ, అన్నం పెడుతూ.

"ఔనే."

"ఆఫీసరు బాబు నీకు డ్రైవరీ సేత్తాడు."

"ఔనంటన్నాను కదా."

"అయితే మావా, అద్దాలు దించుకుని కూకో. లేపోతే లోపలున్నది నువ్వని ఈదిలో ఎవులికీ తెల్దు."

ఆ ముక్క ఎర్రునాయుడికి బాగా నచ్చింది. అద్దం దించాలి, చెయ్యి కాస్త బయటపెట్టాలి, మరీ ఎక్కువ ఊపకూడదు. ఇవన్నీ లోపల్లోపల అనుకుని ఉంచుకున్నాడు.

ఏప్రిల్లో ఆఫీసుకి కొత్త కారొచ్చింది. తెల్లది. మే నెలలో అధికారి పరాంకుశం గారు మూడురోజుల శిక్షణకని రాజధానికి వెళ్ళారు. "ప్రభుత్వ ఆస్తుల పరిరక్షణలో నూతన పోకడలు" అని దాని పేరు. సాధారణంగా ఇలాంటి శిక్షణల నించి అధికారులు ఒక సంచీ, ఒక పెన్ను, కాస్త అజీర్తి తెచ్చుకుంటారు. పరాంకుశం గారు మాత్రం జ్ఞానం తెచ్చుకున్నారు.

వచ్చిన మర్నాడే సిబ్బందినంతా హాల్లో కూర్చోబెట్టారు.

"ధూళి అనగా నేమి?" అన్నారు.

హాల్లో ఉన్న ఫైళ్ళ మీద అది వేలెడు మందాన ఉంది, కానీ దాన్ని గురించి ఇలా ఎవరూ ఎన్నడూ అడగలేదు.

"ధూళి అనగా ఇసుక. దాన్ని పొడిగుడ్డతో తుడుచుట అనగా, గరుకు కాగితము పెట్టి రంగును గీకుటయే. మనమంతా ఇన్నాళ్ళూ వాహనములను శుభ్రపరుస్తున్నామనుకున్నాము. కాదు. హింసించాము." ఇక్కడ ఆయన నిజంగానే జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నారు. "ముందుగా నురుగు కొట్టవలెను. నురుగులో మలినములు మెత్తబడవలెను. వాటంతట అవే కిందికి జారవలెను. అటుపిమ్మట నీరు. ఆ పిమ్మటే చేయి. దీనినే పూర్వ ప్రక్షాళన అందురు."

ఆ సాయంత్రానికల్లా సర్క్యులరొచ్చింది. "సర్వ సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఈ కార్యాలయ వాహనమును ఇకమీదట ఎవరును, ఏ కారణము చేతనైనను, పూర్వ ప్రక్షాళన గావింపక స్పృశింపరాదు. స్పృశించుట అనగా తుడుచుట, ఆనుకొనుట, మోచేయి పెట్టుట, ప్రేమతో నిమురుట మున్నగునవన్నియు అని గ్రహింపవలెను."

ప్రేమతో నిమురుట అన్నది ఎర్రునాయుణ్ణి ఉద్దేశించి రాసిందేనని ఆఫీసంతా అనుకుంది. అతనికా అలవాటు ఉన్నమాట నిజమే.

ప్రెషరు పంపు వచ్చింది, నురుగు కొట్టే గన్ను వచ్చింది, షాంపూ డబ్బాలొచ్చాయి. మొదటిరోజు షెడ్డు నీడలో కారు నిలబెట్టి ఎర్రునాయుడు గన్ను నొక్కాడు. నురుగు చిక్కగా, చిలికిన మజ్జిగ మీద తేలినట్టు, కారంతా పరుచుకుంది. అయిదు నిమిషాలు ఊరుకున్నాడు. ఎర్రమట్టి దానంతటదే నురుగుతో కలిసి చారలు చారలుగా తలుపుల మీంచి జారి నేలమీద పడింది. పైనించి కిందికి నీళ్ళు కొట్టాడు. ఇంకా చెయ్యే పెట్టలేదు, బండి సగానికి సగం శుభ్రమైపోయింది.

ఎర్రునాయుడు నోరు వెళ్ళబెట్టాడు. బకెట్టూ పాత బనియనూ పెట్టి తాను రుద్ది రుద్ది పోగొట్టిన పాత జీపు మెరుపు గుర్తొచ్చి, మనసు చివుక్కుమంది.

"ఇదేదో మంచి పనేరా దాలయ్యా," అన్నాడు అటెండరుతో. "ఇన్నాళ్ళూ ఎవుడూ సెప్పలేదు."

మంచి పనే. ఎవరు కాదన్నారు? అయిదు నిమిషాలు నురుగు, రెండు నిమిషాలు నీళ్ళు. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు. కానీ మంచి పని ఒక ఆఫీసులోకి వచ్చాక ఊరికే ఎలా ఉంటుంది? దానికో ఫైలుండాలి కదా.

సూపరింటెండెంటు మంగతాయారు గారు ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఒక్క తప్పు సంతకం కూడా పెట్టని మనిషి. ఆవిడ నురుగును కాసేపు చూసి, కళ్ళజోడు సర్దుకుని, "సార్, చిన్న సందేహం," అన్నారు. "మలినములు మెత్తబడవలెను అన్నారు. మెత్తబడ్డాయని ధ్రువీకరించేదెవరు?"

పరాంకుశం గారు నురుగు దగ్గరకెళ్ళి వంగి చూశారు. ఇంత పెద్ద లోపాన్ని రాజధానిలో కూడా ఎవరూ గమనించనందుకు ఆయనకి గర్వం కలిగింది.

"రుద్ది చూచుటకు వీలులేదు," అన్నారు.

"లేదు సార్. ధ్రువీకరణ లేకుండా నీళ్ళు వదలడానికీ వీలులేదు."

"అయితే కళ్ళతో చూసి ధ్రువీకరించవలెను. ఒక్కరి కళ్ళు చాలవు. కమిటీ వేద్దాం."

కమిటీకి అధ్యక్షులు పరాంకుశం గారు. సభ్య కార్యదర్శి మంగతాయారు గారు. మూడోవాడుగా సాంకేతిక సభ్యుడు కావాలి. పొరుగు ఆఫీసు ఇంజనీరును అడుగుదామా అని తర్జనభర్జన పడుతుంటే, గుమ్మం దగ్గర నిలబడ్డ ఎర్రునాయుడు గొంతు సవరించుకున్నాడు. అతనికి ఆ క్షణాన ఏ దయ్యం పట్టిందో తెలీదు.

"అయ్యా, నానుండకూడదేటండి?"

పరాంకుశం గారు అతని వంక ఎగాదిగా చూసి, "నురుగు కొట్టేవాడివే నువ్వు. నీకంటే నిపుణుడెవడయ్యా?" అన్నారు. మంగతాయారు గారు అక్కడికక్కడే రాసేశారు: సాంకేతిక సభ్యుడు, ఈ కార్యాలయమునందు సర్వీసులో ఉన్న డ్రైవరు. ముగ్గురి సంతకములు లేనిదే నీటిని వదలరాదు.

ఆ సాయంత్రం ఎర్రునాయుడి కాళ్ళు నేలమీద ఆనలేదు. ఇంటికెళ్ళి కేలండరు వెనక్కి తిప్పి, దానిమీద ఇరవైసార్లు సంతకం చేసి చూసుకున్నాడు.

"ఆఫీసరు బాబు సంతకం పక్కనే నా సంతకం ఉంటాదే," అన్నాడు.

"అది లేకపోతే ఏటవుద్ది?" అంది సన్యాసమ్మ.

"బండి కదల్దు."

"ఓలమ్మ," అని మురిసిపోయింది ఆవిడ. అదీ నలభై గడపలకీ చెప్పింది.

తరవాత ఏం జరిగిందంటే, సంతకాలు ఆలస్యమయ్యాయి. పరాంకుశం గారు వీడియో సమావేశంలో ఉంటారు, మంగతాయారు గారు ఫైల్లో తలదూర్చి ఉంటారు, ఈలోగా నురుగు ఎండిపోతుంది. ఎండిన నురుగు రంగు మీద మరకలు కడుతుందని శిక్షణలో చెప్పారట. అంచేత రెండో సర్క్యులరు: ధ్రువీకరణ పూర్తగునంతవరకు ఏడేసి నిమిషములకొకమారు నురుగును పునరుద్ధరింపవలెను. ఆ పని దాలయ్యకి అప్పజెప్పారు. దాలయ్య అంతకుముందు టీలు తెచ్చేవాడు. ఇక ఆఫీసులో టీ అన్న మాట లేదు.

మూడో సర్క్యులరు పరాంకుశం గారికి స్నానం చేస్తుండగా తట్టింది. కారు మీద దుమ్ము ఎలా పడుతోంది? బయటికి వెళ్ళడం వల్ల. కాబట్టి మలినములకు మూలకారణము ప్రయాణమే. ఇక ప్రయాణం చేయాలంటే ముందుగా ధూళి అంచనా పత్రం నింపాలి. పోవు దారి తారుదా, మట్టిదా. గాలి ఏ దిక్కునించి. ఎదురుపడగల గేదెల సంఖ్య, సుమారుగా. గేదె తోక ఊపునట్టిదా, ఊపనట్టిదా.

"తోక ఊపని గేది ఎక్కడైనా ఉంటాదేటన్నా?" అన్నాడు దాలయ్య.

"నింపరా. ఊపనిదని రాయి," అన్నాడు సాంకేతిక సభ్యుడు గంభీరంగా. అప్పటికి అతనికి కూడా ఆ పత్రాల మీద ఒకరకమైన గౌరవం ఏర్పడిపోయింది.

ఏప్రిల్లో నలభైరెండుసార్లు గేటు దాటిన కారు జూన్లో ఒకే ఒక్కసారి దాటింది. అదీ షాంపూ డబ్బాలు తేవడానికి. వచ్చాక దుమ్ముపడిందని ఆ డబ్బాల్లో రెండు దానికే అయిపోయాయి. పరాంకుశం గారు తనిఖీలకి ఆటోలో వెళ్ళొస్తున్నారు. ఆటోలో ముందు సీటు, డ్రైవరు పక్కన సగం బయటికి. వెనక మేకలో, కూరగాయల బుట్టలో ఉండేవి. ఆయన తిరిగొచ్చేసరికి కనుబొమ్మలు ఎర్రగా ఉండేవి గానీ, షెడ్డులో తెల్లకారును చూడగానే మొహం విచ్చుకునేది.

జిల్లాలో ఇంత శుభ్రమైన కారు లేదని పేరొచ్చింది. పేరు విని ప్రాంతీయ సంచాలకులు స్వయంగా చూడ్డానికొచ్చారు. గేటు దగ్గరే ఆయన కారును ఆపి, దాలయ్య నిబంధన ప్రకారం నురుగు కొట్టేశాడు. వెనక అద్దం సగం దించి ఉందని వాడు గమనించలేదు. సంచాలకులు మీసాలకి నురుగుతో దిగారు. అందరూ బిగుసుకుపోయారు. ఆయన దాన్ని ఇక్కడి స్వాగత పద్ధతనుకుని, మీసం తుడుచుకోకుండానే షెడ్డుకి నడిచారు.

షెడ్డులో కారు నురుగులో ఉంది. మూడు సంతకాలు కాలేదు, ఎందుకంటే సంతకాలు చేయాల్సిన ముగ్గురూ ఆయనకి ఎదురెళ్ళి నిలబడ్డారు. సంచాలకులు పదడుగుల దూరం నించి ఆ తెల్లటి గుట్టను చాలాసేపు చూశారు.

"లోపల కారుందా?" అన్నారు.

"ఉంది సార్," అన్నారు పరాంకుశం గారు.

"అద్భుతం. ఈ నిబద్ధత అన్ని కార్యాలయములకును ఆదర్శము కావలెను," అని మెచ్చుకుని, ఆ మాటే కాగితం మీద పెట్టి పంపారు. ఆ కాగితానికి పటం కట్టించి గోడకి వేలాడదీశారు.

ఇలా జూన్ ముప్ఫై వచ్చింది.

ఎర్రునాయుడు ఆ రోజు ఉతికి గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫారం వేసుకున్నాడు. మూడింటికి సభ. పరాంకుశం గారు మాట్లాడారు, మంగతాయారు గారు మాట్లాడారు, బంతిపూల దండ వేశారు, శాలువా కప్పారు. ఎర్రునాయుడి మనసంతా షెడ్డులోనే ఉంది. నాలుగింటికి దండ తీసి దాలయ్య చేతికిచ్చి, తనే వెళ్ళి ఆఖరుసారిగా కారుకి నురుగు పట్టించాడు. నా బండి నన్ను తీసుకెళ్తాది కదా, నానే తానం సేయించాల అనుకున్నాడు. కింద నించి పైకి, ఒక్క మూల వదలకుండా కొట్టాడు. ధూళి అంచనా పత్రం కూడా నింపాడు. దారి: గెడ్డవీధి, నాలుగు కిలోమీటర్లు. గేదెలు: మూడు, ఊపనివి. ప్రయాణ ప్రయోజనం అన్న గడిలో "ఎర్రునాయుడిని దింపుట" అని కాస్త పెద్ద అక్షరాలతో రాశాడు.

పరాంకుశం గారు నురుగును పరికించి సంతకం పెట్టారు. మంగతాయారు గారు పరికించి సంతకం పెట్టారు. ఎర్రునాయుడు పెన్ను తీశాడు.

"ఆగవయ్యా," అన్నారు మంగతాయారు గారు.

ఆవిడ పత్రం మరోసారి చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని ఇంకోసారి చదివారు.

"ప్రయాణించేది నువ్వే, ధ్రువీకరించేది నువ్వే. అలా కుదరదు. తన ప్రయాణానికి తనే సంతకం పెట్టుకుంటే రేపెవరైనా వేలెత్తి చూపిస్తారు."

"అమ్మగారూ, నాను సంతకం పెట్టీది నురుక్కండి. నాకు కాదండి."

"నురుగు దేనికి? ప్రయాణానికి. ప్రయాణం ఎవరిది? నీది."

"పోనీ అయిదు తరవాత పెట్టనిస్తారా, అప్పుడు ఆఫీసోణ్ణి కాదు కదండీ?"

"అయిదు దాటితే నువ్వు సర్వీసులో ఉన్న డ్రైవరువి కాదు నాయనా. నువ్వు ప్రజల్లోకి వస్తావు. ప్రజలు కమిటీలో ఎలా ఉంటారు?" ఆవిడ కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "నా చేతుల్లో ఉంటే నిన్ను ఎత్తుకుని దింపేదాన్ని. కానీ కాగితం అలా ఉంది."

ఇంకో డ్రైవరు ఆఫీసులో లేడు. కొత్తవాడు రావాలంటే రాజధాని నించి ఉత్తర్వు రావాలి. అయిదు కొట్టింది. సాంకేతిక సభ్యుడి స్థానం ఖాళీ అయింది. నీళ్ళు వదలడానికి వీల్లేదు, నురుగు ఎండనివ్వడానికీ వీల్లేదు. దాలయ్య ఏడేసి నిమిషాలకోసారి కొడుతూనే ఉన్నాడు. నురుగు షెడ్డు నేలంతా పరుచుకుని పిక్కలదాకా వచ్చింది.

ఎర్రునాయుడు మళ్ళీ దండ వేసుకుని షెడ్డు బయట స్టూలు మీద కూర్చున్నాడు. ఈ మూడో సంతకం అడిగి తగిలించుకున్నది తనే కదా అని గుర్తొచ్చేసరికి చెంపలు వాయించుకోవాలనిపించింది. అయిదూ ఇరవైకి ఫోను మోగింది.

"ఎక్కడున్నావు మావా?" అంది సన్యాసమ్మ. "డప్పులోళ్ళు రెండుసార్లు మొదలెట్టి ఆపీసినారు. హారతి పళ్ళెం అట్టుకుని నిలబడే ఉన్నాను."

"బయల్దేరతన్నాం," అన్నాడు. ఫోను పెట్టేసి, తలవంచుకుని, ఆ అరవై రెండేళ్ళ మనిషి శాలువా కొసతో కళ్ళొత్తుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి అతనికి ఒక బండి మీద కోపం వచ్చింది.

పరాంకుశం గారు అది చూశారు. ఆయన చెడ్డవారు కాదు. నిబంధనలు ఆయన రాసినవే అయినా, వాటికి అందరికంటే ఎక్కువ భయపడేది ఆయనే. వరండాలో అటూ ఇటూ పచార్లు చేశారు. సర్క్యులర్లు మూడూ తెప్పించుకుని చదివారు. ఉన్నట్టుండి మొహం వెలిగిపోయింది.

"మంగతాయారు గారూ, నిబంధన ఏమంటున్నది? ధ్రువీకరణ లేనిదే నీరు వదలరాదు, వాహనము గేటు దాటరాదు. అంతే కదా? ఆనవాయితీ ఏమంటున్నది? అధికారి నడపవలెను, ఉద్యోగి వెనక కూర్చొనవలెను. కారు కదలవలెనని ఎక్కడైనా ఉన్నదా?"

మంగతాయారు గారు చాలాసేపు వెతికారు. "లేదు సార్. ఎక్కడా లేదు."

"తలుపు ముట్టుకొనవచ్చునా?"

"నురుగు కొట్టాక ముట్టుకోవచ్చు సార్. పూర్వ ప్రక్షాళన గావింపక స్పృశింపరాదనే ఉంది. గావించాం."

"గెడ్డవీధికి ఎంతసేపయ్యా, ఎర్రునాయుడూ?"

"ఇరవయ్యయిదు నిమిషాలండి," అన్నాడు ఎర్రునాయుడు, ఏమీ అర్థంకాక.

"లాగుబుక్కులో రాయండి. అయిదూ ముప్ఫయ్యయిదుకు బయలుదేరుట."

పరాంకుశం గారు పంట్లాం పైకి మడుచుకుని, నురుగులో కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి, వెనక తలుపు తీసి పట్టుకున్నారు. జిల్లా అధికారి తనకి తలుపు తీసి నిలబడటం చూసి ఎర్రునాయుడు దండం పెట్టుకుంటూ ఎక్కాడు. ఎడమవైపు, అధికారి సీటులో, అంచుమీద కూర్చున్నాడు. "సరిగ్గా కూర్చోవయ్యా," అని ఆయన కసిరారు. వెనక్కి జరిగి వీపు ఆనించాడు. ఎంత మెత్తగా ఉందో. ఆరుగురు అధికారులు ఎందుకు గురకపెట్టారో ఇప్పుడర్థమైంది.

పరాంకుశం గారు స్టీరింగు ముందు కూర్చుని తాళం ఒక్క మెలిక తిప్పారు. ఇంజను వెయ్యలేదు. వేస్తే వేడికి నురుగు ఎండుతుంది. చుట్టూ అద్దాలన్నీ తెల్లగా మూసుకుపోయాయి.

"ఎటు పోనివ్వను?"

"ఎడం పక్కకండి," అన్నాడు ఎర్రునాయుడు మెల్లిగా.

ఆయన స్టీరింగు ఎడమకి తిప్పారు. గేరు మార్చారు. "తిన్నగానా?"

"తిన్నగానేనండి. సంత జంక్షన్లో స్పీడు బ్రేకరుంటాదండి, నిదానించండి."

ఆయన నిదానించారు. ఎర్రునాయుడి కుడికాలు దానంతటదే కింద నొక్కింది. మొదట్లో సిగ్గేసింది గానీ, నాలుగో నిమిషానికి అతనికి తెల్లటి అద్దాల్లోంచి దారంతా కనబడటం మొదలైంది. సంత దాటారు, బియ్యం మిల్లు వచ్చింది. "ఆవుందండి బాబూ," అంటే పరాంకుశం గారు గట్టిగా హారను కొట్టి, "ఈ ఊళ్ళో పశువులకి బుద్ధి లేదు," అని విసుక్కున్నారు కూడా.

మిల్లు దగ్గర తనకి తెలిసినవాళ్ళుంటారని ఎర్రునాయుడికి గుర్తొచ్చింది. సన్యాసమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. బొత్తాం నొక్కి అద్దం దించాడు. బస్తాడు నురుగు ఒళ్ళో పడింది. ఆ సందులోంచి గన్ను పట్టుకున్న దాలయ్య కనిపించాడు. ఎర్రునాయుడు చెయ్యి కాస్త బయటపెట్టి, మరీ ఎక్కువ కాకుండా ఊపాడు. దాలయ్యకి ఏమర్థమైందో, గన్ను చంకలో పెట్టుకుని నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఎర్రునాయుడికి కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. దండలో పువ్వులకి, మీసాలకి నురుగంటుకుని ఉంది, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

రైలు గేటు వేసి ఉందని పరాంకుశం గారు ఆపారు. రైలు పోనివ్వాలి కదా. అప్పుడు డప్పులు వినబడ్డాయి.

"వచ్చేసినట్టున్నామే," అన్నారు ఆయన. గడియారం చూసుకుని, "లేదే, ఇంకా ఆరు నిమిషాలుంది," అన్నారు.

డప్పులు దగ్గరకొచ్చాయి, మరీ దగ్గరకొచ్చాయి, షెడ్డులోకే వచ్చేశాయి. వెనక తలుపు తెరుచుకుంది. ఎదురుచూసి విసిగిపోయిన గెడ్డవీధి సగం మూడు ఆటోల్లో దిగింది. అందరికంటే ముందు, మోకాళ్ళదాకా నురుగులో, హారతి పళ్ళెంతో సన్యాసమ్మ నిలబడి ఉంది. కారును చూసింది, ముందు సీట్లో స్టీరింగు పట్టుకున్న అధికారిని చూసింది, వెనక సీట్లో నురుగుముద్దలా ఉన్న మొగుణ్ణి చూసింది. ఇరవై తొమ్మిదేళ్ళు ఆఫీసు కబుర్లు వింటూ వచ్చిన మనిషి కాబట్టి ఏమీ అడగలేదు. హారతిచ్చి, బొట్టుపెట్టింది.

"దిగు మావా."

"అమ్మా, ఇంకా చేరలేదు," అన్నారు పరాంకుశం గారు వెనక్కి తిరిగి. "రైలు గేటు దగ్గరున్నాం."

"మీరు నిదానంగా రండి బాబూ," అంది సన్యాసమ్మ వినయంగా. "మేం ముందెల్తాం."

పరాంకుశం గారు నిజంగానే నిదానంగా వెళ్ళారు. ఒప్పుకున్న దూరం మధ్యలో వదిలేసే రకం కాదాయన. గేటు తీశాక బయల్దేరి, సరిగ్గా ఆరింటికి గెడ్డవీధి చేరి, దిగి, లాగుబుక్కు నింపారు. దూరం: సున్న. ధూళి: లేదు. గేదెలు: ఎదురుపడలేదు. ఈ కార్యాలయ చరిత్రలో ఒక్క రేణువు కూడా అంటని మొదటి ప్రయాణం అది. మర్నాడు నాలుగో సర్క్యులరొచ్చింది: ఇకమీదట తనిఖీ ప్రయాణములన్నియు ఇదే విధానమున జరుపవలెను. ప్రాంతీయ సంచాలకులు దాన్ని ఎనిమిది జిల్లాలకు పంపించారు. మూడో సంతకం చేసే డ్రైవరు ఇంకా రాలేదు కాబట్టి ఆ కారు ఈనాటికీ నురుగులోనే ఉంది. లోపల పరాంకుశం గారు వారానికి మూడు మండలాలు తిరిగొస్తున్నారు.

ఆ సాయంత్రం ఆటోలు గెడ్డవీధి మొదట్లోనే ఆగిపోయాయి. ముందురోజు కురిసిన వానకి రోడ్డంతా బురద. అక్కణ్ణించి ఎర్రునాయుడు నడిచే వెళ్ళాడు. ముందు డప్పులు, పక్కన సన్యాసమ్మ, గంజిపెట్టిన పంట్లాం మీద మోకాళ్ళదాకా ఎర్రమట్టి. నలభై గడపలూ వాకిళ్ళలో నిలబడి చూశాయి. లోపలున్నది అతనేనా కాదా అన్న అనుమానం ఎవరికీ రాలేదు.

గుమ్మం ముందు బల్లమీద కూర్చోబెట్టి, సన్యాసమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"కాళ్ళు రుద్దీయకే," అన్నాడు. "ముందు తడిపి ఒదిలీ. కాసేపు నాననీ."

ఆవిడ నీళ్ళు పోసి పక్కన కూర్చుంది. మట్టి దానంతటదే కరిగి జారుతుంటే ఇద్దరూ చూశారు.

"ఎలాగుంది మావా, ఎనక సీటు?"

ఎర్రునాయుడు గోడకి వీపు ఆనించాడు.

"మెత్తగుందే. దారిపొడుక్కీ ఒక్క కుదుపు లేదు."